ఖాళీ కుర్చీల ముందు కచేరి

మొన్నటి మాఘమాసంలో ఒక సాయంకాలం మా ఊరి హాలులో గాత్రకచేరి జరిగింది. గోదావరి గట్టున ఉన్న పట్టణం మాది. పేరు చెప్పి ప్రయోజనం లేదు. ఈ ముచ్చట మన ఊళ్ళలో ఏ ఊరికైనా సరిపోతుంది. హాలులో 240 కుర్చీలున్నవి. వినవచ్చినవారు 19 మంది. అందులో సభ కార్యదర్శిగారి ఇంటివారు నలుగురు, మైకు చూసుకొనే కుర్రవాడు ఒకడు, తలుపు దగ్గర కాపలాదారు ఒకడు. కాపలాదారును శ్రోతల లెక్కలో చేర్చటం న్యాయమా అని నాలో నేను కొంత తర్కించుకొని, భైరవి వర్ణం సాగినంతసేపూ అతడు కదలకుండా నిలిచి విన్నాడు గనుక చేర్చటమే న్యాయమని తీర్మానించుకొన్నాను. పాట వినవలసినవాడు తలలు లెక్కించటం తగని పనే. కాని కొంతకాలంగా ఈ దురలవాటు నాకు అబ్బింది.

పాడవచ్చిన విదుషీమణికి ముప్పై ఏండ్లు దాటి ఉండవు. పగలు ఉద్యోగమూ తెల్లవారుజామున సాధనా చేసుకొనే తరానికి చెందినవారు. వేదిక మీద కూర్చొని, శ్రుతి సరిచూసుకొని, హాలును ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్కసారి పరికించారు. ఆ చూపును నేను ఇదివరకు చాలామంది కళ్ళలో చూసి ఉన్నాను. ఆ చూపు తరువాత కొందరు కచేరిని కుదించివేస్తారు. రాగం నాలుగు సంగతులతో ముగుస్తుంది, కీర్తన వెంట కీర్తన పరుగెత్తుతుంది, రైలు వేళకు మంగళం పాడేస్తారు. వారిని తప్పుపట్టను. ఎదుట మనిషి లేనప్పుడు మాట ఎట్లా సాగదో పాట కూడా అట్లాగే సాగదు. ఈమె మాత్రం ఖరహరప్రియను ఎత్తుకొని, నిండు సభకు పాడినట్టే అరగంటసేపు ఆలాపన చేశారు. మంద్రస్థాయిలో నిదానంగా అడుగులు వేస్తూ, రిషభం మీద నిలిచి, అక్కడినుంచి ఎటు వెళ్ళేదీ తెలియనీయకుండా మమ్మల్ని కాసేపు తిప్పి, పైషడ్జానికి చేర్చినప్పుడు కాపలాదారు తలుపు వదలి రెండడుగులు లోపలికి వచ్చాడు. నేను లెక్క మానుకొన్నాను.

ముగిసిన పిమ్మట దీపాలు ఆర్పిస్తూ కార్యదర్శిగారు నాతో అన్నారు: "మాష్టారూ, మా నాన్నగారి రోజుల్లో పాడేవారికి ఇవ్వటానికి డబ్బు దొరికేది కాదు, వినేవారికి కొదవ ఉండేది కాదు. ఇప్పుడు ఎవరో ఒక దాత డబ్బు ఇస్తున్నాడు. వినటానికి మనిషి దొరకటం లేదు. వచ్చే ఏడాదినుంచి నెలనెలా కాక మూడు నెలలకొకసారి పెడదామనుకొంటున్నామండీ."

అప్పుడు నేను బదులు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆయనకు ఆలస్యంగా చెబుతున్న బదులు అనుకోవచ్చు.

నేను సంగీతం నేర్చినవాడను కాను. ముప్పైమూడేండ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. నా గొంతు విన్నవారెవరూ రెండవసారి పాడమని అడిగి ఉండలేదు. అయినా యాభై ఏండ్లకు పైగా కచేరీలు వింటూ వచ్చాను. విన్నవాడు చెప్పగలిగిన నాలుగు మాటలు మాత్రమే ఇక్కడ చెబుతాను.

కచేరీలకు జనం ఎందుకు రావటం లేదని అడిగితే ప్రతివారి దగ్గరా ఒక ముద్దాయి సిద్ధంగా ఉంటాడు. నా చిన్నతనంలో ఆ ముద్దాయి సినిమా. పిమ్మట టెలివిజన్ బోను ఎక్కింది. ఇప్పుడు ప్రతివారి చేతిలోనూ ఉన్న సెల్‌ఫోను. వరుసగా ఇంతమంది నేరస్థులు ఒకే హత్య చేసి ఉండటం నాకు నమ్మశక్యంగా లేదు.

సినిమా సంగతే చూడండి. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకొన్నవారు. అక్కడ చదివే రోజుల్లో వారాలు, మధుకరం చేసుకొని పొట్టపోసుకొన్న సంగతి తెలియని తెలుగువాడు ఉండడు. ఆ గొంతు పద్యాన్నీ పాటనూ ఊరూరా మోసుకొనిపోయినప్పుడు వాటి వెంట మోహన, హిందోళం, కల్యాణి కూడా వెళ్ళినవి. 1980లో 'శంకరాభరణం' వచ్చింది. శాస్త్రీయ సంగీతానికి ఆదరణ కరవైన ఒక విద్వాంసుని కథ అది. ఆ కథ చూడటానికి మాత్రం జనం థియేటర్లకు విరగబడ్డారు! ఆ ఏడాది మా వీధిలోనే ఇద్దరు పిల్లలను సంగీతంలో చేర్పించారు. సినిమా చేసిన అపకారం ఏదైనా ఉంటే అది ఒక్కటే: కీర్తనకు నాలుగు నిమిషాలు చాలునన్న అభిప్రాయం కలిగించటం. నిజానికి ఆ నేరం కూడా సినిమాది కాదు. అంతకుముందే వచ్చిన గ్రామఫోను ప్లేటు ఒక పక్కకు మూడు నిమిషాలకు మించి పట్టనిచ్చేది కాదు. మహా మహా విద్వాంసులే ఆ మూడు నిమిషాల్లో రాగాన్ని చిటికెడు చూపించి, కీర్తన ముగించవలసివచ్చేది.

రేడియో సంగతి అసలే వేరు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయింది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు వంటివారు పనిచేసిన చోటు అది. తెల్లవారగానే భక్తిరంజని ఇంటింటా వినవచ్చేది. నా బాల్యంలో మా ఇంట్లో రేడియో లేదు. పక్కింటివారి రేడియో మా పెరటి గోడమీదుగా మా ఇంట్లోకి వచ్చేది. ఆ పాట విన్న చెవులే సాయంకాలం పందిట్లో కూర్చొనేవి. 1952లో మొదలైన సంగీతపు జాతీయ కార్యక్రమం వినటానికి రేడియో ఉన్న ఇంట్లో వీధివారు గుమిగూడేవారని మా పెద్దలు చెబుతూ ఉండేవారు. యంత్రం నుంచి వచ్చినా, ఆ పాటను నలుగురు కలిసి విన్నారు. ఆ 'కలిసి' అన్న మాట దగ్గర కొంచెం ఆగవలసి ఉన్నది.

మన ప్రాంతంలో ఒకప్పటి శ్రోత ఎక్కడ తయారయ్యేవాడు? సభా భవనంలో కాదు. కాకినాడ సరస్వతీ గానసభ వంటి సంస్థలు ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే వెలసి ఎంతో సేవ చేసినవి, నిజమే. విజయనగరంలో 1919లో సంగీత పాఠశాల నెలకొన్నది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి ప్రధానాచార్యులు. విద్యార్థిగా చేరటానికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని, ఆయనను అక్కడనే అధ్యాపకునిగా నియమించిన కథ నేటికీ చెప్పుకొంటారు. కాని ఈ సభలకూ పాఠశాలలకూ పోకుండానే లక్షలమంది రాగం విని గుర్తుపట్టగలిగేవారు. వారికి హరికథ ఒక పాఠశాల. రాత్రి భోజనాలు ముగించుకొని, చాపలు చంకన పెట్టుకొని వచ్చి, దాసుగారు గజ్జెకట్టి నిలుచుంటే తెల్లవారవచ్చేదాకా విన్నవారు అక్షరాలు రానివారు కూడా. పద్యనాటకం మరొక పాఠశాల. నటుడు పద్యం ఎత్తుకొని రాగం తీస్తే, ఆ తీసిన తీరు నచ్చినప్పుడు 'వన్స్‌మోర్' అని కేకవేసిన రైతుకు ఆ రాగం పేరు తెలియకపోవచ్చు. ఏది బాగున్నదో ఏది బాగులేదో మాత్రం తెలుసు.

మూడవది సన్నాయి. గుడిలోనూ పెండ్లిలోనూ ఊరేగింపులోనూ అది ఎవరి అనుమతీ అడగకుండా చెవిలో పడేది. ఉత్సవ విగ్రహం నాలుగు వీధుల కూడలిలో నిలిచినప్పుడు సన్నాయి విద్వాంసుడు తోడి ఎత్తుకొంటే, ఇంటి అరుగుమీద కూర్చొని కూరలు తరిగే తల్లులు సైతం కత్తిపీట ఆపి వినేవారు. గుంటూరు సీమలోని ఆ సన్నాయి బాణీనుంచే షేక్ చినమౌలానాగారు వచ్చారు. 1924లో కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో నాదస్వరం వినిపించిన మహానుభావుడాయన. ఈనాడు మన పెండ్లిళ్ళలో సన్నాయికి బదులు రికార్డు మోగుతున్నది. మేళం పిలిచినచోట కూడా తాళికట్టు వేళ తప్ప మిగిలిన సమయంలో దానికి గొంతెత్తే అవకాశం ఉండదు. పక్కనే పెద్దపెట్టెలలో మరొక పాట ఉరుముతూ ఉంటుంది.

ఈ మూడు పాఠశాలలూ దాదాపు మూతపడిన తరువాత కూడా సభలు తలుపులు తెరిచి, "శ్రోతలారా, రండి" అని పిలుస్తున్నవి. శ్రోత ఎక్కడినుంచి వస్తాడు? ఒకటి నుంచి అయిదవ తరగతి దాకా బడి లేకుండా చేసి, ఆరవ తరగతిలో పిల్లలు చేరటం లేదని వాపోయినట్టు ఉన్నది.

నా చదువు కూడా ఒక పందిట్లోనే మొదలైంది. నేను తొమ్మిదవ తరగతి చదువుతున్న ఏడు, శ్రీరామనవమి పందిళ్ళలో తొమ్మిది రాత్రులూ కార్యక్రమాలుండేవి. ఒకనాడు హరికథ, ఒకనాడు నాటకం, ఒకనాడు బుర్రకథ, నడుమ ఒకటి రెండు పాటకచేరీలు. కచేరి రోజున మా తెలుగు మాష్టారు నన్నూ మరి ఇద్దరినీ వెంటబెట్టుకొని వెళ్ళి, వేదికకు ఎదురుగా చాపమీద తన పక్కన కూర్చోబెట్టారు. నాకు ఆ రాత్రి చాలాసేపు ఏమీ అర్థం కాలేదు. నిద్ర ముంచుకొని వచ్చింది. మాష్టారు నన్ను మందలించలేదు. నా మోకాలి మీద తన చేతితో తాళం వేయటం మొదలుపెట్టారు. అంతే. ఆ దెబ్బలు ఎనిమిదికొకసారి తిరిగి మొదటికి వస్తున్నవని లెక్కల పిల్లవాణ్ణి గనుక నేను కనిపెట్టగలిగాను. స్వరకల్పనలో గాయకుడు ఎక్కడెక్కడికో వెళ్ళి, ఇక దారి తప్పాడనుకొన్న క్షణంలో సరిగ్గా కీర్తన ఎత్తుగడ మీదికి వచ్చి దిగినప్పుడు మాష్టారి చేయి నా మోకాలి మీద గట్టిగా పడింది. ఆయన "భళా!" అన్నారు. నేను కూడా, ఎందుకన్నానో తెలియకుండానే, అన్నాను. చుట్టూ ఉన్నవారు నవ్వారు. నాకు నిద్ర పోయింది. నేటిదాకా మళ్ళీ కచేరిలో రాలేదు.

విద్యార్థులు ఈ పుట చదువుతూ ఉంటారు గనుక ఆ తాళం సంగతి చెప్పే దాటిపోతాను. ఆది తాళానికి ఎనిమిది అక్షరకాలాలు. అరచేతితో తొడమీద ఒక దెబ్బ, పిమ్మట చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. ఇవి నాలుగు, దీనికి లఘువని పేరు. మళ్ళీ ఒక దెబ్బ, అరచేయి వెల్లకిలా తిప్పటం. మళ్ళీ దెబ్బ, తిప్పటం. ఇవి రెండు ద్రుతాలు. మొత్తం ఎనిమిది. పాట ఎంత వంపులు తిరిగినా చేయి మాత్రం ఈ ఎనిమిదీ సమంగా లెక్కిస్తూనే ఉండాలి. ఇంతకు మించి ఏమీ తెలియకపోయినా, కీర్తన ఏ అక్షరం దగ్గర ఎత్తుకొన్నారో గుర్తుపెట్టుకొన్న పిల్లవాడికి స్వరకల్పనలో సగం ఆనందం చేతికి అందుతుంది. ఎందుకంటే ఆ స్వరాలు ముందు రాసిపెట్టుకొన్నవి కావు. ఆ క్షణాన, ఆ హాలులో పుడుతున్నవి. నెరవు కూడా అంతే. సాహిత్యంలో ఒక పాదాన్ని తీసుకొని, మాటల స్థానం చెడకుండా, దాని నడకను వెయ్యి విధాలుగా మార్చి చూపటం అది. ఇది పాడేవారికి ఎంత ప్రమాదమో వినేవారికి తెలిసినప్పుడే గదా అది గట్టెక్కినప్పుడు సంతోషం!

తని ఆవర్తనం మొదలు కాగానే లేచి కాఫీకి వెళ్ళేవారు ఈ సంతోషాన్ని ఎరుగరు. మృదంగ విద్వాంసుడు గంటన్నరసేపు అందరినీ మోసి, తనకంటూ దొరికిన పది నిమిషాలలో వెళ్ళేవారి వీపులు చూడవలసి రావటం కంటే అన్యాయం మరొకటి నాకు తెలియదు.

సెల్‌ఫోనులో ఈనాడు దొరకని పాట లేదు. అరియక్కుడి రామానుజయ్యంగారి పాట, ద్వారంవారి ఫిడేలు, ఈమని శంకరశాస్త్రిగారి వీణ, అన్నీ వేలికొనకు అందుతున్నవి. నేనూ వింటాను, ఈ సౌకర్యాన్ని నిందించే కృతఘ్నత నాకు లేదు. కాని ఫోనులో పాడుతున్న విద్వాంసునికి నా అవసరం లేదు. నేను వింటున్నా, మధ్యలో ఆపి కూరకు తాలింపు పెట్టుకొన్నా ఆ పాట మారదు. సభలో నేను తల ఊపటం మానివేస్తే పాట మారిపోతుంది. పాడే మనిషి శ్రోత కనుబొమలు చూసి ఒక సంగతిని పొడిగిస్తాడు, మరొకదాన్ని విడిచిపెడతాడు. అటువంటి శ్రోత పని ఫోను నేర్పదు. తన కంటే ముందు విన్నవాడి పక్కన కూర్చొంటేనే అది వస్తుంది.

సభల వైపు లోపాలు లేకపోలేదు. సాయంకాలం ఆరు గంటలకని ఆహ్వానంలో అచ్చువేసి, ముఖ్య అతిథి కోసం ఏడింటిదాకా ఆపిన సభలో ఈ మధ్యనే కూర్చొని వచ్చాను. అతిథి వచ్చారు, జ్యోతి వెలిగించారు, తమకు సంగీతం తెలియదని వినయంగా మనవిచేసి, ముప్పావుగంట దాని గురించి మాట్లాడారు. పిమ్మట శాలువలు. దాతకు శాలువ, దాతగారి అన్నగారికి శాలువ, హాలు ఇప్పించినవారికి శాలువ. ఈ మధ్యలో తంబురా శ్రుతి చల్లబడి, పాడవలసిన పెద్దమనిషి గొంతు కూడా చల్లబడింది. బడి పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన ఒక ఉపాధ్యాయిని వర్ణం పూర్తికాకముందే వారిని లేవదీసుకొని వెళ్ళిపోయారు. ఆఖరు బస్సు తప్పిపోతుందట. ఆ పదిహేనుమంది పిల్లలు మళ్ళీ వస్తారా?

సంగీతం నేర్చేవారు తగ్గారా అంటే అదీ లేదు. నేర్చేవారు ఎందరో ఉన్నారు. విదేశాలలో ఉన్న తెలుగు పిల్లలు తెరమీద గురువును చూస్తూ ఇక్కడివారి దగ్గర పాఠం చెప్పించుకొంటున్నారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతున్నది. మన ఊళ్ళలోనూ పుష్య బహుళ పంచమినాడు పంచరత్నాలు పాడటానికి వేదిక చాలదు. ఆ ఉదయం వేదిక మీద ఎనభైమంది, ఎదుట వారి తల్లిదండ్రులు. పిల్లవాడి బృందం పాడటం కాగానే తల్లిదండ్రులు ఫోటో తీసుకొని, ప్రసాదం పుచ్చుకొని లేస్తారు. సాయంకాలం పెద్ద విద్వాంసుని కచేరికి ఆ ఎనభైమందిలో ఎనమండుగురైనా ఉండరు. పాడటం నేర్పుతున్నాం, వినటం నేర్పటం లేదు. పరుగుపందెంలో అందరూ పరుగెత్తేవారే అయినట్టు, వేదిక ఎక్కాలని అందరికీ ఉన్నది. కింద కూర్చోవటం ఓడిపోవటమనుకొంటున్నారు.

కుర్చీలు ఖాళీగా ఉండటం మన ఒక్కరి అవమానమే కాదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లో ఏర్పడిన నాటినుంచి డిసెంబరు కచేరీలకు పెట్టింది పేరయిన ఆ నగరంలో సైతం, మధ్యాహ్నపు వేళ కొత్తగా పైకి వస్తున్న పిల్లలు పాడే కచేరీలకు జనం పలచగానే ఉంటారు. అయితే మనం లేనందువల్ల కలిగే నష్టం ఒకటి ఉన్నది. దాన్ని మరెవరూ పూడ్చలేరు.

త్యాగరాజస్వామి కావేరీ తీరాన కూర్చొని తెలుగులో పాడారు. ఆ పంచరత్నాలలో నాటరాగంలోది సంస్కృతం. మిగిలిన నాలుగూ తెలుగు. క్షేత్రయ్య పదాలు తెలుగు, శ్యామశాస్త్రి కీర్తనలలో పెక్కు తెలుగు, అన్నమాచార్యుల సంకీర్తనలు ఎక్కువ భాగం తెలుగు. ఈ భాష మాతృభాష కాని వేలాదిమంది మహాశ్రద్ధతో వాటిని కాపాడి మనకు అందించారు, వారికి నమస్కరించవలసిందే. కాని సాహిత్యం ఎక్కడ విరిగిందో ముందు వరుసలో తెలుగువాడు కూర్చొంటేనే తెలుస్తుంది. 'రాకపోడు' అన్న మాటను తీసుకొందాం. తప్పక వస్తాడని అర్థం. గాయకుడు 'రాక' దగ్గర ఆగి, ఊపిరి తీసుకొని, 'పోడు' అని వేరుగా అందుకొన్నాడనుకోండి. వచ్చేవాడు గుమ్మంలోనే నిలిచిపోతాడు! మా మాష్టారు ఇటువంటి చోట ముఖం చిట్లించేవారు. కచేరి అయిన పిమ్మట వేదిక దగ్గరికి వెళ్ళి, "అయ్యా, అమోఘంగా పాడారు. ఆ ఒక్క మాట మాత్రం కలిపి అనండి" అని చేతులు జోడించి చెప్పేవారు. ఒక తమిళ విద్వాంసుడు ఆ మాట విని, అక్కడికక్కడే మూడుసార్లు కలిపి పాడి చూపి, "ఇప్పుడు సరియా?" అని అడగటం నేను చూశాను. ఆయన తరువాత ఎన్ని సభలలో ఆ మాటను సరిగా పాడి ఉంటారో! ఆ దిద్దుబాటు ఒక తెలుగు ఉపాధ్యాయుడు చేసింది. ఇప్పుడు మన గాయకులే మాటను విరిచినా ముఖం చిట్లించేవారు హాలులో కనబడరు.

ఖరహరప్రియ పాడిన రాత్రికి తిరిగి వస్తాను.

ఆలాపన ముగిసి కీర్తన అందుకొన్నప్పుడు నా వెనుక ఎక్కడో చప్పుడు వినిపించి తిరిగిచూశాను. ఆఖరు వరుసలో పదమూడు పద్నాలుగేండ్ల పిల్లవాడు ఒంటరిగా కూర్చొని తొడమీద తాళం వేస్తున్నాడు. మైకు కుర్రవాడి తమ్ముడట. అన్నకోసం వచ్చి కాలక్షేపానికి లోపల కూర్చొన్నాడు. మృదంగం వాయించే ఆయన చేతులూ, గాయని చేయీ చూసి తనంతట తాను వేస్తున్నాడు. తప్పు వేస్తున్నాడు. రెండవ ద్రుతంలో చేయి తిప్పటం మరచి, ఏడుకే మొదటికి వచ్చేస్తున్నాడు; పాట తనను విడిచి ముందుకు పోతున్నదని తెలిసి, తికమకపడి, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. నేను లేచి వెనుకకు వెళ్ళి వాడి పక్కన కూర్చొన్నాను. వాడు భయపడి చేయి వెనక్కు తీసుకొన్నాడు.

"ఏం బాబూ, ఆపావేం?"

"తప్పు వస్తున్నదండీ."

"ఎంత తప్పు వస్తున్నది?"

వాడు ఆలోచించాడు. "ఒకటి తక్కువండీ."

ముప్పైమూడేండ్ల లెక్కల పాఠాలలో అంత సూటి సమాధానం నాకు అరుదుగా దొరికింది. నేను ఏమీ చెప్పకుండా నా మోకాలి మీద తాళం వేయసాగాను. వాడు రెండు ఆవర్తాలు చూసి అందుకొన్నాడు. స్వరకల్పన మొదలయింది. మొదట ఒక్కొక్క ఆవర్తం, పిమ్మట రెండు, పిమ్మట నాలుగు. గాయని కళ్ళు తెరిచి మా ఇద్దరి వైపు చూడటం నేను గమనించాను. చివరి స్వరాలకు వాడి పెదవులు కదలసాగినవి, లెక్క పెడుతున్నాడు. ఆమె ఎత్తుగడ మీదికి వచ్చి దిగగానే వాడు నా మోకాలి మీద ఒక్క చరుపు చరిచి, తాను చేసిన పనికి తానే బిత్తరపోయి, "క్షమించండి మాష్టారూ" అన్నాడు.

ముగిసిన పిమ్మట ఆమె వేదిక దిగివచ్చినప్పుడు, ఇంత తక్కువమంది వచ్చినందుకు ఊరి తరపున క్షమాపణ చెప్పబోయాను. ఆమె నన్ను చెప్పనివ్వలేదు. "వెనుక మీరూ ఆ బాబూ తాళం వేస్తుంటే చూశానండీ. స్వరాలు రెండు ఆవర్తాలతో ముగిద్దామనుకొన్నాను. ఆ బాబు లెక్కపెడుతూ ఉంటే ఆపబుద్ధి కాలేదు" అన్నారు. మృదంగం ఆయన నవ్వి, "నాకూ మూటకట్టబుద్ధి కాలేదు" అన్నారు.

ఈ సంగతి కార్యదర్శిగారికి చెప్పాను. ఒక్క పిల్లవాడితో హాలు నిండదు గదా అన్నారు. నిండదు, లెక్కలు నాకూ తెలుసు. 2020లో సభలు మూతపడి, తిరిగి తెరిచిన తరువాత మాతో ముందు వరుసలో కూర్చొనేవారిలో నలుగురు మళ్ళీ కనబడలేదు. వారిలో ఇద్దరు ఈ లోకంలోనే లేరు. నలుగురు పోయిన చోట ఒకడు వచ్చాడు. అయినా మూడు నెలలకొకసారి అన్న మాటను ఉగాది దాకా వాయిదా వేయమని బతిమాలాను. ఈలోగా మా వీధిలోని బడికి వెళ్ళి, శనివారం ఆఖరు పీరియడు ఒకటి అడిగి తీసుకొన్నాను. తాళం వేయటమూ, ఒక కీర్తన సాహిత్యానికి అర్థమూ, అంతే. ప్రధానోపాధ్యాయురాలు, "పరీక్షలో రాదు కదండీ" అని ఒకమాట అని, ఒప్పుకొన్నారు.

తరువాతి నెల వీణకచేరి. బొబ్బిలి వీణ, పనసకర్రతో చేసిన ఆ వాద్యం వేదిక మీద పెట్టి ఉండగానే నేను వెళ్ళాను. పావుగంట ముందే వెళ్ళానేమో, హాలులో ఇంకా ఎవరూ లేరు. రెండవ వరుసలో ఆ పిల్లవాడు ఒక్కడే కూర్చొని ఉన్నాడు. పక్కన వాడి చెల్లెలు. నన్ను చూసి లేచి నిలుచున్నాడు. తన పక్క కుర్చీ మీద పరచి ఉన్న చేతిరుమాలు తీసి జేబులో పెట్టుకొని, "మీకోసం ఉంచానండీ, ఎవరైనా కూర్చొంటారేమోనని" అన్నాడు.